ఎవరి వేషం, ఎవరి మాట: ఐ-డి పత్రిక చిత్రాల్లో జెండర్, శైలి, యువత

ప్రవేశిక

‘వేషం’ అనే మాటకు తెలుగు వాడుకలో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ధరించిన దుస్తుల తీరు ఒకటి, లేనిదాన్ని ఉన్నట్లు చూపడం మరొకటి. ‘వేషాలు వేయకు’ అని పెద్దలు పిల్లల్ని మందలించినప్పుడు అందులో దుస్తుల ప్రసక్తే ఉండదు. మనిషి పైకి కనిపించే తీరుకూ అతడి లోపలి సత్యానికీ మధ్య ఎడం ఉంటుందనీ, ఆ ఎడాన్ని అనుమానించవలసిందేననీ భాష ముందుగానే తీర్పు చెప్పి ఉంచింది. యువత తన దుస్తుల ద్వారా తానెవరో చెప్పుకోబోయినప్పుడు ఈ తీర్పు అడ్డువస్తుంది. స్త్రీ పురుష భేదానికి సంబంధించిన మర్యాదలను దాటే దుస్తుల విషయంలో మరీ గట్టిగా అడ్డువస్తుంది. ఇది తెలుగు సమాజానికి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. ఒకరి వేషాన్ని చూసి వారెవరో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న యువసంస్కృతి ఉన్న ప్రతిచోటా తలెత్తింది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి 1980లో లండన్‌లో మొదలైన ఐ-డి పత్రికను ఈ వ్యాసం ఆధారంగా తీసుకుంటుంది. ఆ పత్రిక ప్రచారంలోకి తెచ్చిన ‘స్ట్రెయిట్-అప్’ అనే చిత్రరీతి ఇక్కడ ముఖ్యం. వీధిలో ఎదురైన వ్యక్తిని ఏదో ఒక గోడముందు నిలబెట్టి, తల నుంచి పాదాల వరకు సూటిగా తీసిన ఛాయాచిత్రం అది. దాని పక్కన ఆ వ్యక్తి పేరు, ఒంటి మీద ఉన్న వస్త్రాలు ఎక్కడివి, వాటికి ఎంత ఖర్చయింది, ఏ సంగీతం ఇష్టం వంటి వివరాలు ఉంటాయి. ఈ చిత్రాలను గురించి రాసినవారు సాధారణంగా ఛాయాచిత్రం మీదే దృష్టి నిలిపారు. దాని నైతిక విలువ పక్కనున్న ఆ నాలుగు పంక్తుల్లో ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

వీధి నుంచి పుట్టిన పత్రిక

ఐ-డి స్థాపకుడు టెర్రీ జోన్స్ 1970ల మధ్యలో బ్రిటిష్ వోగ్ పత్రికకు కళానిర్దేశకుడిగా పనిచేశాడు. వోగ్ వంటి పత్రికల్లో ఫ్యాషన్ పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. రూపకర్త సృష్టిస్తాడు, మోడల్ ధరిస్తుంది, పాఠకురాలు ఆశిస్తుంది, దుకాణం అమ్ముతుంది. 1976-77 నాటికి లండన్ వీధుల్లో కనిపించసాగిన పంక్ యువత ఈ క్రమాన్ని లెక్కచేయలేదు. చిరిగిన చొక్కాలు, సేఫ్టీ పిన్నులు, చెత్తసంచుల ప్లాస్టిక్, పాత సైనిక దుస్తులు కలిసి వారి వేషమయ్యాయి. జోన్స్ 1977లో వోగ్‌ను వదిలి, మూడేళ్ల తర్వాత భార్య ట్రీషా జోన్స్‌తో కలిసి ఐ-డిని ప్రారంభించాడు. మొదటి సంచిక స్టేపుల్ పిన్నులతో కుట్టిన కాగితాల కట్ట. టైపురైటర్ అక్షరాలు, చేతిరాతలు అందులో యథాతథంగా కనిపించాయి.

పత్రిక పేరు కూడా గమనించదగినది. అది జోన్స్ నడిపిన ‘ఇన్‌స్టంట్ డిజైన్’ సంస్థ పేరులోని పొడి అక్షరాలను గుర్తుచేస్తుంది, గుర్తింపు కార్డునూ గుర్తుచేస్తుంది. ఆ రెండు అక్షరాలను పక్కకు తిప్పి చూస్తే కన్నుగీటుతూ నవ్వుతున్న ముఖం కనిపిస్తుంది. అందువల్ల ముఖచిత్రంపై ఉన్న వ్యక్తి ఒక కన్ను మూసో, కప్పుకొనో కనిపించడం ఆ పత్రిక ఆచారమైంది. గుర్తింపు కార్డులో రెండు కళ్లూ తెరిచి ఉండాలి. ఇక్కడ ఆ నియమాన్నే ఆటపట్టించారు.

ఆ కాలపు ఆర్థిక స్థితిని మరిచిపోతే ఈ చిత్రాలు వట్టి విలాసంగా కనిపిస్తాయి. 1982లో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. బడి ముగించుకొని ఉద్యోగం దొరకక, నిరుద్యోగ భృతితో రోజులు గడిపే యువతీయువకులకు దానసంస్థల దుకాణాలూ, పాతబట్టల సంతలూ, సైన్యం అమ్మేసిన మిగులు సరుకూ వస్త్రభాండారాలయ్యాయి. ఒక కోటు సంతలో దొరికిందనీ, ప్యాంటు అన్నదనీ, గొలుసు తానే చేసుకున్నదనీ చెప్పడం అందువల్ల వాస్తవమైన సమాచారం. కొన్న దుస్తులకూ కూర్చుకున్న దుస్తులకూ ఉన్న తేడా ఆ వివరాల్లో తెలుస్తుంది.

రొలాఁ బార్త్ 1967లో వెలువరించిన ఫ్యాషన్ వ్యవస్థ గ్రంథంలో ‘చిత్రవస్త్రం’, ‘లిఖితవస్త్రం’ అనే విభజన చేశాడు. 1958-59 నాటి ఫ్రెంచి ఫ్యాషన్ పత్రికలను పరిశీలించి, వస్త్రానికి అర్థాన్ని స్థిరపరిచేది బొమ్మ కంటే దాని కింది వాక్యమేనని ఆయన గ్రహించాడు. ఆ వాక్యాన్ని రాసేది మాత్రం పత్రిక. ఫలానా ఉన్ని దుస్తు వారాంతపు విహారానికి తగినదని పత్రిక ప్రకటిస్తే పాఠకురాలు నమ్మాలి. దాన్ని ధరించిన మోడల్‌కు అభిప్రాయం ఉండదు, చాలాసార్లు పేరూ ఉండదు. స్ట్రెయిట్-అప్ చిత్రంలో లిఖితవస్త్రం ధరించిన వ్యక్తి నోటినుంచే వచ్చింది. ఈ మార్పు పైకి చిన్నది. అయితే కర్తృత్వం చేతులు మారింది ఇక్కడే.

గోడముందు నిలబెట్టడం

స్ట్రెయిట్-అప్ రీతికి ఆద్యుడిగా ఛాయాచిత్రకారుడు స్టీవ్ జాన్‌స్టన్‌ను చెబుతారు. లండన్‌లోని కింగ్స్ రోడ్డులో పంక్ యువతను ఖాళీ గోడముందు నిలబెట్టి ఆయన చిత్రాలు తీశాడు. మనిషి తప్ప మరేదీ కంటికి ఆనకపోవడం గోడ వల్ల కలిగిన ప్రయోజనం. తెలుగులో దీన్ని నేపథ్యం అంటాం. సంస్కృత నాట్యపరిభాషలో నేపథ్యం అంటే తెరవెనుక నటులు అలంకరించుకొనే చోటు, ఆ అలంకరణ కూడా. ఇప్పుడు మనం వెనుక ఉన్నదాన్ని మాత్రమే నేపథ్యం అంటున్నాం. స్ట్రెయిట్-అప్ చిత్రాల్లో గోడ బోసిగా ఉంటుంది గనుక పాత అర్థం తిరిగివస్తుంది. వ్యక్తి అలంకరణే అక్కడి నేపథ్యం.

అయితే మనిషిని గోడముందో తెరముందో నిలబెట్టి, పూర్తి దేహాన్ని చిత్రించి, పక్కన పేరు రాయడం జాన్‌స్టన్ కనిపెట్టిన పద్ధతి కాదు. 1868-1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ గ్రంథం అలాగే తయారైంది. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో కె. రంగాచారి సహకారంతో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోనూ ఛాయాచిత్రాలు ఉన్నాయి. తెలుగు ప్రాంతపు కులాల వేషధారణను గురించి రాసే పరిశోధకులు నేటికీ ఆ సంపుటాలను తిరగేస్తూనే ఉన్నారు. ముక్కు పొడవు, వెడల్పు కొలిచి మనుషుల్ని వర్గీకరించిన ఆ పద్ధతిలో చిత్రంలోని మనిషి ఒక కులానికి నమూనా. వారి దుస్తులు, నగలు, పచ్చబొట్లు అన్నీ ఆ కులలక్షణాలుగా నమోదయ్యాయి. ఆ రోజు ఆ చీరను ఆ స్త్రీ ఎందుకు కట్టుకుందో, ఆ కడియం ఆమెకు ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు.

జర్మన్ ఛాయాచిత్రకారుడు ఆగస్ట్ జాండర్ కృషి దీనికంటే ఎంతో ఉదారమైనది. 1929లో వెలువడిన ‘మన కాలపు ముఖం’ పుస్తకంలో రైతు, మిఠాయి చేసేవాడు, కూలీ, పారిశ్రామికవేత్త అందరూ ఒకే గౌరవంతో నిలబడ్డారు. నాజీ పాలకులు ఆ పుస్తకపు అచ్చుఫలకాలను నాశనం చేశారంటే ఆ గౌరవం వారికి ఎంత ఇబ్బంది కలిగించిందో ఊహించవచ్చు. అయినా జాండర్ తన బృహత్ ప్రణాళికను ఏడు వర్గాలుగా విభజించినప్పుడు రైతులు, చేతిపనివారు, వృత్తులు, కళాకారులు వంటి వర్గాల సరసన ‘స్త్రీ’ అని ఒక వర్గాన్ని విడిగా ఏర్పరచాడు. పురుషుడికి అలాంటి వర్గం లేదు. పురుషుడు తన పనిని బట్టి, స్త్రీ తన స్త్రీత్వాన్ని బట్టి గుర్తింపు పొందాలన్నది అంత సూక్ష్మదృష్టి గల చిత్రకారుడికి కూడా సహజంగా తోచింది.

ఈ వరుసలో ఐ-డి చిత్రాన్ని ఉంచి చూస్తే భంగిమ మారలేదు, చూపు మారలేదు, గోడ మారలేదు. చిత్రవ్యాఖ్య మారింది. థర్‌స్టన్ సంపుటంలో మనిషి ఏ జాతివాడో రాసి ఉంటుంది. ఐ-డిలో మనిషి తనను గురించి చెప్పుకున్నది రాసి ఉంటుంది. ‘స్త్రీ’, ‘పురుషుడు’ అని ఎవరినీ ముందుగా గడుల్లో కూర్చోబెట్టకపోవడం ఆ వ్యాఖ్యలోని ఒక మౌనం. కాటుక పెట్టుకున్న యువకుణ్ని కాటుక ఎందుకని పత్రిక నిలదీయలేదు, బూట్ల ఖరీదు అడిగినట్లే దాన్ని గురించీ అడిగి ఊరుకుంది. ఆ ఉదాసీనతను తేలికగా తీసుకోకూడదు. ఇంగ్లండ్‌లో స్వలింగ సంబంధాలను పాక్షికంగా నేరరహితం చేసిన 1967 నాటి చట్టం పురుషులకు 21 ఏళ్ల వయోపరిమితి విధించింది. 1994 వరకు అది మారలేదు. 1988లో వచ్చిన 28వ సెక్షన్ స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను ‘ప్రోత్సహించడాన్ని’ నిషేధించింది. అలాంటి రోజుల్లో సమాధానం చెప్పవలసిన అవసరం లేకుండా వీధిలో నిలబడగలగడం ఒక యువకుడికి తక్కువ విషయం కాదు.

వీధిలో ఆగమనడం మరొకరి పని కూడా. 1824 నాటి దేశదిమ్మరుల చట్టం కింద, అనుమానం ఒక్కటే ఆధారంగా పోలీసులు వీధిలో యువకులను ఆపి అరెస్టు చేసేవారు. ‘సస్’ అని పేరుపడిన ఆ నిబంధన నల్లజాతి యువకులపై విరివిగా ప్రయోగమైంది. 1981లో అది రద్దయింది. అంటే ఐ-డి తొలి సంచికలు వెలువడే నాటికి లండన్ వీధిలో నల్లజాతి యువకుణ్ని ఆపి పేరు అడిగేవారు ఇద్దరు: పోలీసు, ఛాయాచిత్రకారుడు. ఇద్దరూ వేషాన్ని చూసే ఆపుతారు. మొదటివాడికి జవాబు చెప్పక తప్పదు. రెండవవాడికి చెప్పనని నడిచిపోవచ్చు. స్ట్రెయిట్-అప్ చిత్రంలోని నైతికత ఆ నడిచిపోగల వీలు మీద ఆధారపడి ఉంది.

రూపకమా, స్వభావోక్తా

జెండర్ మర్యాదలను దాటిన దుస్తులను అర్థం చేసుకోవడానికి భారతీయ అలంకారశాస్త్రంలోని ఒక భేదం ఉపకరిస్తుంది. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో వేషభూషలకు సంబంధించినది ఆహార్యం. ఆలంకారికులు ఇదే మాటను మరొక సందర్భంలో వాడారు. ముఖం చంద్రుడు కాదని తెలిసి ఉండీ, కావాలని చంద్రత్వాన్ని ఆరోపించడం ఆహార్యం. రూపకాలంకారంలోని అభేదబుద్ధి అటువంటిదని జగన్నాథ పండితరాయలు వంటివారు వివరించారు. భ్రాంతిమదలంకారంలో తేడా తెలియదు. అక్కడ అభేదబుద్ధి నిజమైన పొరపాటు, గనుక అది ఆహార్యం కాదు.

స్త్రీవేషం వేసిన పురుషుణ్ని సమాజం అనుమానించడంలో రూపకాన్ని భ్రాంతిగా పొరబడే గుణం ఉంది. అతడు మోసగిస్తున్నాడనీ, చూసేవారిని పొరపాటులోకి నెడుతున్నాడనీ ఆరోపిస్తారు. రంగస్థలం మీద ఈ భయం ఉండదు. సత్యభామగా స్థానం నరసింహారావును చూసిన ప్రేక్షకులకు ఆయన పురుషుడన్న ఎరుక ఎప్పుడూ పోలేదు. ఆ ఎరుక ఉండబట్టే ఆనందం కలిగింది. కూచిపూడి భామాకలాపంలోని సత్యభామ విషయమూ అంతే. తెర, దీపం, దరువు ఇవన్నీ కలిసి ‘ఇది ఆహార్యం’ అని హామీ ఇస్తాయి. వీధిలో నడిచే యువకుడికి ఆ హామీ పత్రం లేదు. అతడి వేషాన్ని విప్పి పెట్టడానికి తెరవెనుక గది లేదు.

1990లో వెలువడిన ‘జెండర్ ట్రబుల్’ గ్రంథంలో జూడిత్ బట్లర్ జెండర్‌ను పదేపదే జరిగే ఆచరణ ద్వారా ఏర్పడేదిగా వివరించారు. వేషం మార్చిన వ్యక్తి అసలును అనుకరిస్తున్నాడనుకుంటాం గాని, ఆ అసలు కూడా అనుకరణల పరంపరే అన్నది ఆ వాదంలోని సారం. ఈ వాదాన్ని తమకు అనుకూలంగా వాడుకొని ప్రతి వేషమార్పిడినీ తిరుగుబాటుగా చూసినవారు ఉన్నారు. 1993 నాటి తన తర్వాతి గ్రంథంలో బట్లర్ ఆ తొందరను సరిదిద్దవలసివచ్చింది. వేషం మార్చినంత మాత్రాన అధికారం సడలదు.

అయితే రూపకం అన్న వివరణకు కూడా ఒక హద్దు ఉంది, దాన్ని పాటించకపోతే అది అన్యాయానికి దారితీస్తుంది. రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ వేరని అందరికీ తెలుసు. ఒక ట్రాన్స్ యువతి లంగా ధరించినప్పుడు ఆమెది రూపకమని మెచ్చుకోవడం, ఆమె నిజానికి పురుషుడే అయినా స్త్రీత్వాన్ని ఆరోపించుకుంటోందని చెప్పడమే అవుతుంది. ఆమెకు ఆ దుస్తులు స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్లు చెప్పడం. అంతకుముందు తప్పనిసరై తొడుక్కున్న ప్యాంటే ఆమె వేసిన వేషం. ఇదే లంగాను మరొక యువకుడు నవ్వుకోవడానికో, నృత్యశాలలో ఒక రాత్రికోసమో, తండ్రి మీద కోపంతోనో ధరించవచ్చు. అతడి విషయంలో రూపకమనడం సరిగ్గా సరిపోతుంది.

ఛాయాచిత్రం ఈ రెండింటినీ వేరుచేయలేదు. ఒకే గోడ, ఒకే లంగా, ఒకే సూటి చూపు. కవిత్వంలో రూపకమో స్వభావోక్తో సందర్భం చెబుతుంది. వీధిలోని మనిషి విషయంలో అది చెప్పగలవారు ఆ వ్యక్తి ఒక్కరే. చిత్రవ్యాఖ్యను ఇతరులు రాసిన మరుక్షణం ఒకరి సత్యం ఇంకొకరి చమత్కారంగా మారే ప్రమాదం ఉంది. ఐ-డి చిత్రాల్లో మాట్లాడే అవకాశం ధరించినవారికి ఇవ్వడాన్ని అందుకే ఉదారత అనడం చాలదు. వేషాన్ని న్యాయంగా చదవడానికి అంతకుమించిన దారి లేదు. ఆ వ్యక్తి ఏమీ చెప్పదలచుకోకపోతే ఆ మౌనాన్నీ అచ్చువేయవలసి ఉంటుంది.

ఎదురు వాదన కూడా బలమైనదే. వ్యక్తి తనను గురించి చెప్పుకున్నదంతా సత్యమని ఎలా నమ్మాలి? పత్రికలో బొమ్మ పడుతుందని తెలిసినప్పుడు యువత గొప్పలకు పోవచ్చు. సంతలో కొన్నదాన్ని అమ్మమ్మ పెట్టెలో దొరికిందనవచ్చు. నిజమే. కాని ఇక్కడ ప్రశ్న వ్యాఖ్య నిజమా అబద్ధమా అన్నది కాదు. తన వేషాన్ని గురించి మొదటి మాట చెప్పే హక్కును గురించినది. ఆత్మకథలో అతిశయోక్తి ఉన్నంతమాత్రాన ఆత్మకథ రాసే హక్కు పోదు.

స్టైలిస్టు రాక

ఐ-డి మొదలైన 1980లోనే నిక్ లోగన్ ‘ది ఫేస్’ పత్రికను ప్రారంభించాడు. ఈ రెండింటినీ చాలామంది ఒకే గాటన కట్టారు. పురుషరూపాన్ని ఊహించిన తీరులో ‘ది ఫేస్’ చేసిన ప్రయోగాలు అపూర్వం. స్టైలిస్టు రే పెట్రీ, ఛాయాచిత్రకారుడు జేమీ మోర్గన్ తదితరులు ‘బఫెలో’ పేరుతో సృష్టించిన చిత్రాల్లో వైమానికుల జాకెట్టు కింద లంగా, కుస్తీవీరుడి దేహం మీద నగలు, భిన్నజాతుల మూలాలున్న యువకుల ముఖాలు కనిపిస్తాయి. 1985 మార్చి సంచిక ముఖచిత్రంలో ఒక బాలుడు పెద్దవారి టోపీ పెట్టుకొని ఉంటాడు. వార్తాపత్రిక నుంచి చించిన ‘కిల్లర్’ అన్న మాట ఆ టోపీ పట్టీలో దోపి ఉంటుంది. పౌరుషం, పసితనం, హింస అన్నీ ఒక్క ముఖంలో పోటీపడతాయి. పురుషుణ్ని చూడదగిన వస్తువుగా, సుకుమారుడిగా చూపడం అంతకుముందు ప్రధానస్రవంతి ఫ్యాషన్ పత్రికల్లో అరుదు. 1989లో ఎయిడ్స్‌తో మరణించిన పెట్రీ వదిలివెళ్లిన రూపాలు నేటికీ పురుషుల ఫ్యాషన్‌లో పునరావృతమవుతున్నాయి.

అయినా ఈ చిత్రాల్లో లంగా ధరించిన యువకుడు ఏమనుకున్నాడో పాఠకుడికి తెలియదు. ఆ లంగా పెట్రీ ఊహ. చిత్రం గొప్పది, అందులో మాట లేదు. డిక్ హెబ్డిజ్ 1985లో ‘ది ఫేస్’ మీద రాసిన వ్యాసంలో, బొమ్మ మాటను మింగేసిన చదునైన లోకంగా ఆ పత్రికను విమర్శించాడు. ఆరేళ్ల ముందు, 1979లో, ఉపసంస్కృతుల శైలిని నిరాకరణగా, పాలకవర్గపు సంకేతాలను దొంగిలించి తిరగేసి వాడుకోవడంగా వివరించి ప్రసిద్ధుడైన విమర్శకుడు ఆయనే. నిరాకరణ ఇంత త్వరగా నిగనిగలాడే పుటగా మారడం ఆయనకు మింగుడుపడలేదేమో. అయితే హెబ్డిజ్ విమర్శ బొమ్మల మీద కంటే బొమ్మల ఆధిపత్యం మీద ఎక్కువ గురిపెట్టింది. మాట ఉండీ ధరించినవారి మాట కాకపోతే సమస్య తీరదన్న సంగతిని అది తాకలేదు.

యువతుల సంగతి మరింత చిక్కైనది. ఏంజెలా మెక్‌రాబీ 1980లో రాసిన వ్యాసంలో, ఉపసంస్కృతుల అధ్యయనం అబ్బాయిల వీధిజీవితాన్నే సంస్కృతిగా తీసుకొని ఇంటినీ అమ్మాయిలనూ వదిలేసిందని ఎత్తిచూపారు. పురుషుడు లంగా తొడిగితే సాహసం, స్త్రీ ప్యాంటు తొడిగితే సౌకర్యం అన్న అసమానత ఫ్యాషన్ పత్రికల్లోనూ ఉంది. దిగువకు వెళ్లేవాడి త్యాగం కనిపిస్తుంది, పైకి వెళ్లేవారి ప్రయత్నం కనిపించదు. బఫెలో చిత్రాలు పురుషత్వాన్ని విస్తరించినంతగా స్త్రీత్వాన్ని విస్తరించలేకపోయాయనడం అన్యాయం కాదు.

ఈ అసమానతను స్ట్రెయిట్-అప్ వ్యాఖ్యలు కొంత సరిచేశాయి. సరిచేసింది ధరల జాబితా కావడం విశేషం. పాతబట్టల సంతను గురించి 1980ల చివర రాసిన మరొక వ్యాసంలో మెక్‌రాబీ, ఉపసంస్కృతి శైలి వెనుక కొనడం, అమ్మడం, ఏరడం, కుట్టడం అనే శ్రమ ఉందనీ, ఆ శ్రమలో యువతుల పాత్ర పెద్దదనీ చూపారు. పాత గౌనుల గుట్టలోంచి పనికొచ్చేదాన్ని గుర్తించే కన్ను, దాన్ని కత్తిరించి కొత్తగా చేసే చేయి పంక్ కవిత్వంలో చోటు దొరకని విషయాలు. ‘సంతలో కొన్నాను, చేతులు నేనే మార్చి కుట్టాను’ అని చెప్పే వీలున్న చోట ఆ శ్రమ పుటమీదికి వస్తుంది. సిద్ధాంతం విస్మరించినదాన్ని వస్త్రాల చిట్టా భద్రపరిచింది.

హరాజుకులో

ఇదే రీతి టోక్యోలో మరొక రూపం తీసుకుంది. షోయిచి అవోకి 1997లో ప్రారంభించిన ‘ఫ్రూట్స్’ మాసపత్రిక హరాజుకు ప్రాంతపు వీధుల్లో తిరిగే యువతను నిలువెత్తు చిత్రాల్లో పరిచయం చేసింది. పేరు, వయసు, చదువో వృత్తో, ఒక్కొక్క వస్త్రం మూలం, ప్రస్తుతం మనసు దేనిమీద ఉందో వ్యాఖ్యలో ఉంటాయి. బ్రాండు పేరు ఉండవలసిన చోట ‘స్వయంగా చేసినది’ అని తరచు కనిపిస్తుంది. పాత కిమోనో మీద పాశ్చాత్య బూట్లు, పిల్లల బొమ్మల క్లిప్పులు జుట్టునిండా, ఒకదానిమీద ఒకటిగా రంగురంగుల మేజోళ్లు వంటి కూర్పులను వేసుకున్నవారిలో అమ్మాయిలే అధికం. ఈ వేషాల్ని ఆకర్షణ అనే కొలబద్దతో చదవబోతే చేతికేమీ దొరకదు. అవి పురుషుడి చూపును కవ్వించవు, ఎదిరించవు. ఆ చూపు అక్కడ ఉందన్న సంగతినే పట్టించుకోవు. జెండర్‌ను తలకిందులు చేయడం కంటే దాన్ని ప్రశ్నాపత్రం నుంచి తీసేయడం ఎక్కువ నిర్భయమైన పని కావచ్చు.

వ్యాఖ్యలో ధరలు, దుకాణాల పేర్లు ఉండటంలోని చిక్కు కూడా హరాజుకులో బాగా కనిపిస్తుంది. ఎక్కడ కొన్నారో చెప్పడం ఒక స్వీయకథనం. పాఠకుడికి అదే దుకాణానికి దారి. తన చొక్కాను గురించి నిజాయితీగా చెప్పిన యువతి తెలియకుండానే ఆ దుకాణానికి ప్రచారకురాలవుతుంది. ఫ్యాషన్ పరిశ్రమ వీధిచిత్రాల విలువను గుర్తించాక ఈ రెండింటిలో రెండవది పెరిగింది. నేటి వీధిశైలి చిత్రాల్లో బ్రాండు పేరు నిలిచింది. బట్ట ఎవరిచ్చారన్న మాట, ఏ పాట వింటారన్న మాట రాలిపోయాయి. 2012లో ఐ-డి వైస్ మీడియా చేతికి వెళ్లడం ఇలాంటి పత్రికల చరిత్రలో అసాధారణ ఘట్టమేమీ కాదు.

అంతకంటే ఆలోచింపజేసేది కాలం. శైలి యౌవనంలో క్షణికం. పదిహేడేళ్ల వయసులో ఒకరు ధరించినది పందొమ్మిదేళ్లకే వారికి నవ్వు తెప్పించవచ్చు. జెండర్‌ను గురించిన వెదుకులాట కూడా కొందరిలో ఒక దశగా ముగుస్తుంది, కొందరిలో జీవితమంతటికీ పునాది అవుతుంది. ఏది ఏదో ఆ రోజు వీధిలో నిలబడిన వ్యక్తికే పూర్తిగా తెలిసి ఉండదు. ఛాయాచిత్రం ఆ తెలియనితనాన్ని ఒక్క రూపంలో గడ్డకట్టిస్తుంది. ఆ రోజు ఇచ్చిన అంగీకారం ఎన్నేళ్లపాటు చెల్లుతుంది? 1997లో ఫ్రూట్స్ పుటలమీద నిలబడిన అమ్మాయిలు ఇప్పుడు నడివయసులో ఉంటారు. వారి చిత్రాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి, కొత్త రూపకర్తల గోడలమీద స్ఫూర్తిచిత్రాలుగా అంటుకొని ఉన్నాయి. ఆ ప్రయాణంలో మొదట ఊడిపోయేది చిత్రవ్యాఖ్య. పేరు పోతుంది, ‘స్వయంగా చేసినది’ పోతుంది, ఆ నెల ఆమె మనసు దేనిమీద ఉందో పోతుంది. మిగిలినది మళ్లీ థర్‌స్టన్ సంపుటంలోని చిత్రం లాంటిదే. కులం పేరు ఉన్నచోట ‘హరాజుకు శైలి’ అని మాత్రం ఉంటుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు ఐ-డి ముఖచిత్రాల మీది మూసిన కన్నుకు ఆట కంటే ఎక్కువ అర్థం కనిపిస్తుంది. చూస్తున్నవారికి ఆ వ్యక్తి అంతా దొరకలేదని అది చెబుతుంది. లోపలి పుటల్లో వ్యాఖ్య చేసిన పనిని వెలుపల ఆ కన్ను చేసింది. ముఖచిత్రాల్లో ప్రసిద్ధ తారలు, నటీమణులు చోటుచేసుకున్నాక అదే కన్నుగీటు పత్రిక ముద్రగా, వ్యాపారచిహ్నంగా స్థిరపడింది. తారకు దాచుకోవలసినది లేకపోలేదు. కాని ఆ దాపరికాన్ని కాపాడటానికి ఆమెకు పత్రిక సాయం అవసరం లేదు.

ఫ్రూట్స్ మాసపత్రిక 233 సంచికల తర్వాత 2017లో ఆగిపోయింది. చిత్రించదగిన శైలి ఉన్న యువత వీధిలో ఇక కనిపించడం లేదన్నది అవోకి చెప్పిన కారణం. హరాజుకులో ఆదివారాల పాదచారుల వీధి 1998లోనే మూతపడింది, చవక దుస్తుల పెద్ద దుకాణాలు ఆ తర్వాత వచ్చాయి. ఇవి ఆయన మాటకు బలం చేకూర్చేవే. అయితే ‘చిత్రించదగిన’ అన్న నిర్ణయం ఇరవై ఏళ్లుగా కెమెరా పట్టుకున్నవారిది. యువత తనను తాను చిత్రించుకొని, తన వ్యాఖ్యను తానే రాసుకోగల సాధనం అప్పటికే అందరి చేతుల్లోనూ ఉంది. తమ వేషాన్ని ఎవరికి చూపాలో ఎంచుకొని, ఛాయాచిత్రకారుడు ఆగమన్నప్పుడు ఆగకుండా నడిచిపోయినవారు ఆ వీధిలో ఎందరున్నారో ఆ చివరి సంచిక వల్ల తెలియదు.